కంచే చేను మేసిన కేసు: క్యాపిటల్ వన్ డేటా చోరీ, 2019

2019 జులై 17న అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకుకు బయటి మనిషి ఒకరు ఈమెయిల్ పెట్టారు. మీ ఎస్3 (అమెజాన్ క్లౌడ్‌లో ఫైళ్లు దాచే సర్వీసు) డేటా లీకైనట్టుంది, గిట్‌హబ్‌లో (ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే సైటు) ఎవరో పెట్టారు, చూసుకోండి అని. రెండు రోజులు తవ్వి చూశాక బ్యాంకుకు తేలింది: డేటా బయటికి పోయింది మార్చి 22, 23 తేదీల్లో. దొంగ చేతికి చిక్కిన రోజుకీ యజమానికి తెలిసిన రోజుకీ మధ్య 119 రోజులు గడిచాయి. అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో సుమారు 60 లక్షల మంది వివరాలు పోయాయి. 2005 నుంచి 2019 మొదటి నెలల దాకా క్రెడిట్ కార్డుకు దరఖాస్తు చేసినవాళ్ల పేరు, చిరునామా, ఫోన్, పుట్టిన తేదీ, వాళ్లే రాసిచ్చిన ఆదాయం, క్రెడిట్ స్కోరు, బాకీలు, చెల్లింపుల చరిత్ర అందులో ఉన్నాయి.

అదంతా ఎన్‌క్రిప్ట్ చేసిన, అంటే కీ లేనివాళ్లకు అర్థంకాని గిలకరాతలుగా మార్చిన డేటాయే. క్లౌడ్‌లో యూజర్ల డేటా పెట్టే ప్రతి టీమూ ఈ కేసును చదవాల్సింది అందుకే. ‘ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంది’ అన్న ఒక్క గడిలో టిక్కు పెట్టి సెక్యూరిటీ రివ్యూ ముగించే అలవాటు మన కంపెనీల్లో ఇంకా గట్టిగానే ఉంది. బ్యాంకు తన ప్రకటనలోనే రెండు సంగతులు చెప్పింది. ఒకటి, ఈ చోరీ జరిగిన తీరు వల్ల లోపలికి వచ్చినవాళ్లకు డేటా డిక్రిప్ట్ అయిపోయి అందింది. రెండు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు (అమెరికాలో మన ఆధార్ లాంటివి), ఖాతా నంబర్ల వంటి కొన్ని గడులను విడిగా టోకెన్లుగా (అసలు విలువకు బదులు పెట్టే అర్థంలేని గుర్తులుగా) మార్చి ఉంచారు, వాటి తాళాలు వేరు, అవి భద్రంగానే మిగిలాయి. ఒకే చోరీ. ఒక రకం రక్షణ పూర్తిగా ఓడిపోయింది, రెండోది నిలబడింది. ఆ టోకెన్ రక్షణ అందని సుమారు 1,40,000 సోషల్ సెక్యూరిటీ నంబర్లు, 80,000 బ్యాంకు ఖాతా నంబర్లు, కెనడా వాళ్ల సోషల్ ఇన్సూరెన్స్ నంబర్లు 10 లక్షలు బయటపడ్డాయి.

మూడు కమాండ్లు

కోర్టుకు సమర్పించిన ఫిర్యాదులో చోరీ మొత్తం మూడు కమాండ్లుగా కనిపిస్తుంది. మొదటిది ఫైర్‌వాల్‌కు ఇచ్చిన రోల్ (ఏమేం చేయొచ్చో చెప్పే అనుమతుల మూట) తాలూకు తాళాలు తెచ్చుకుంది. రెండోది ఆ తాళాలతో బకెట్ల (ఎస్3లో ఫైళ్లుండే డబ్బాల) జాబితా అడిగింది. మూడోది సింక్, అంటే బకెట్లలో ఉన్నదాన్ని తన దగ్గరికి కాపీ చేసుకుంది. జాబితాలో 700కు పైగా పేర్లు వచ్చాయి.

మొదటి కమాండే అసలు కీలకం. వెబ్‌సైటు ముందు కాపలా ఉండాల్సిన వెబ్ అప్లికేషన్ ఫైర్‌వాల్ ఏడబ్ల్యూఎస్‌లో, అంటే అమెజాన్ క్లౌడ్‌లో, ఒక సర్వర్ మీద నడుస్తోంది. దాన్ని సరిగ్గా అమర్చలేదు. బయటినుంచి వచ్చిన రిక్వెస్టును, అది అడిగిన చిరునామా ఏదైనా సరే, తన పేరు మీద ముందుకు పంపేసేది. ఏడబ్ల్యూఎస్‌లో ప్రతి సర్వరుకూ 169.254.169.254 అనే చిరునామాలో మెటాడేటా సర్వీసు (సర్వరుకు దాని సొంత వివరాలు చెప్పేది) ఉంటుంది. అది బయటివాళ్లకు అందదు, ఆ మెషీన్ లోపలినుంచి అడిగితేనే పలుకుతుంది. పాత పద్ధతిలో మామూలు గెట్ రిక్వెస్టు ఒకటి పంపితే ఆ సర్వరుకు ఇచ్చిన రోల్ పేరు చెప్పేది. ఆ పేరు తగిలించి ఇంకోటి పంపితే యాక్సెస్ కీ, సీక్రెట్ కీ, సెషన్ టోకెన్ మూడూ ఇచ్చేసేది. పాస్‌వర్డూ లేదు, సంతకమూ లేదు. లోపలినుంచి అడుగుతున్నావు కాబట్టి నువ్వు మనవాడివే అన్న నమ్మకం మీద నడిచిన ఏర్పాటది. ఫైర్‌వాలే బయటివాళ్ల తరఫున అడిగిపెట్టేసరికి కంచే చేను మేసింది.

ఇందులో ఏడబ్ల్యూఎస్ సర్వర్లను ఎవరూ పగలగొట్టలేదన్నది గుర్తుంచుకోవాలి. నిందితురాలు అంతకుముందు ఏడబ్ల్యూఎస్‌లో పనిచేసి మానేసిన ఇంజినీరు. కానీ లోపలి రహస్యమేదీ ఆమెకు అవసరపడలేదు. మెటాడేటా చిరునామా ఆ కంపెనీ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. 2022 జూన్‌లో సియాటెల్ కోర్టు జ్యూరీ ఆమెను దోషిగా తేల్చింది.

ఎన్‌క్రిప్షన్ ఎందుకు అడ్డుపడలేదు

క్లౌడ్‌లో ‘ఎన్‌క్రిప్షన్’ అన్న ఒకే మాట కింద వేర్వేరు సంగతులు దాక్కుని ఉంటాయి. ఎస్3 తానే కీ పెట్టుకుని తానే తాళం వేసే పద్ధతి మొదటిది. 2023 జనవరి నుంచి కొత్తగా పెట్టే ప్రతి ఫైలుకూ ఇది దానంతటదే పడుతోంది. ఫైలు చదివే అనుమతి ఉన్న ఎవరికైనా ఎస్3 తాళం తీసి చేతికిస్తుంది. ఇది దేన్నుంచి కాపాడుతుంది? డేటా సెంటర్లోంచి డిస్కు ఎత్తుకుపోయేవాణ్నుంచి. యాప్ డేటా పోయే దారుల్లో అది అన్నిటికన్నా అరుదైనది. రోల్ చేజిక్కించుకున్నవాడి ముందు ఈ తాళం ఉన్నా లేనట్టే.

రెండోది కేఎంఎస్ (ఏడబ్ల్యూఎస్‌లో కీలు దాచే సర్వీసు) కీతో వేసే తాళం. ఇక్కడ ఫైలు చదివే అనుమతితో పాటు ఆ కీ మీద డిక్రిప్ట్ అనుమతి కూడా విడిగా కావాలి. కాగితం మీద మంచి రక్షణ. ఆచరణలో మాత్రం ఏదో జాబ్ ‘యాక్సెస్ డినైడ్’ అని ఆగిపోయిన రాత్రి ఎవరో ఒకరు రోల్‌కు అన్ని కీల మీదా డిక్రిప్ట్ ఇచ్చేస్తారు. ‘అన్నీ’ అని చెప్పే ఆ నక్షత్రం గుర్తు (*) పాలసీలో, అంటే అనుమతుల పత్రంలో, పడిన క్షణం నుంచి రెండో పద్ధతి మొదటి పద్ధతిగా మారిపోతుంది. మీ అకౌంట్లో ఈ రోజే చేయదగ్గ పని: డిక్రిప్ట్ అనుమతి ఎక్కడెక్కడ నక్షత్రంతో ఉందో పాలసీలన్నీ వెతకండి.

మూడోది యాప్‌లోనే తాళం వేసి, క్లౌడ్‌కు గిలకరాతలు మాత్రమే పంపడం. నాలుగోది టోకెన్లు: అసలు విలువ ఎక్కడో వేరే గదిలో ఉంటుంది, మిగతా సిస్టమ్ అంతా దానికి బదులు అర్థంలేని గుర్తుతో నడుస్తుంది. ఈ కేసులో నిలబడింది ఈ నాలుగోదే. సున్నితమైన గడులన్నిటికీ అదే సరైన పద్ధతి, మిగతా మూడూ దానికి తోడుగా ఉండాల్సినవి అన్నది నా నిశ్చితాభిప్రాయం.

గొలుసు ఎక్కడెక్కడ తెగేది

మెటాడేటా దగ్గర. 2019 నవంబరులో ఏడబ్ల్యూఎస్ రెండో వెర్షన్ తెచ్చింది. ఇందులో ముందు పుట్ రిక్వెస్టు పంపి టోకెన్ (ఇది డేటాకు బదులు పెట్టే టోకెన్ కాదు, తాత్కాలిక ప్రవేశ చీటీ) తీసుకోవాలి, ఆ టోకెన్‌ను హెడర్లో పెట్టి అడిగితేనే జవాబు వస్తుంది. ఇలా దారి తప్పి వచ్చే రిక్వెస్టులు చాలావరకు గెట్ మాత్రమే చేయగలవు, హెడర్లు చేర్చలేవు. పైగా ప్రాక్సీ చేర్చే ‘ఫార్వర్డెడ్ ఫర్’ హెడర్ కనబడితే టోకెన్ ఇవ్వనే ఇవ్వదు. పాత సర్వర్లకు దీన్ని తప్పనిసరి చేయడానికి ముందు ‘మెటాడేటా నో టోకెన్’ అనే మెట్రిక్‌ను ఒక నెలంతా చూడండి. నెలాఖరు జాబ్‌లు అప్పుడే బయటపడతాయి. అది సున్నాకు వచ్చాకే తప్పనిసరి చేయండి. చాలామంది తట్టుకుపడేది కంటెయినర్ల (ఒకే మెషీన్ మీద విడివిడిగా నడిచే యాప్ పెట్టెల) దగ్గర. జవాబు ఒక్క గెంతు దూరమే వెళ్లేలా చాలా సర్వర్లలో హాప్ లిమిట్ 1గా ఉంటుంది, కంటెయినర్లను మెషీన్‌కు కలిపే డాకర్ బ్రిడ్జి దాటడానికి రెండు కావాలి. యాప్ ఆగిపోతుంది, కంగారులో పాత వెర్షన్‌కే తిరిగి వెళ్లిపోతారు. లిమిట్‌ను 2 చేస్తే పని నడుస్తుంది కానీ ఆ మెషీన్ మీదున్న ప్రతి కంటెయినరుకూ మెషీన్ రోల్ దొరుకుతుంది. కంటెయినరుకు దాని సొంత రోల్ ఇచ్చి, లిమిట్‌ను 1గానే ఉంచడం సరైన మార్గం.

రోల్ దగ్గర. ఫైర్‌వాల్ చేయాల్సిన పని ట్రాఫిక్ వడపోత, లాగులు (ఏం జరిగిందో చెప్పే నమోదులు) రాయడం. దానికి ఒక బకెట్లో ఒక ఫోల్డర్ కింద ఫైలు పెట్టే అనుమతి చాలు. బకెట్లన్నీ చూసే అనుమతి, దరఖాస్తుల ఫైళ్లు చదివే అనుమతి దానికి ఎందుకున్నాయి? రోల్ ఏ సర్వీసును చివరిసారి ఎప్పుడు వాడిందో ఐఏఎం (ఏడబ్ల్యూఎస్‌లో అనుమతులు నడిపే సర్వీసు) చూపిస్తుంది. 90 రోజులుగా వాడని అనుమతిని తీసేయడం మూడు నెలలకోసారి జరగాల్సిన పని. ఏడాదికోసారి నడిచే ఆడిట్ జాబ్‌ల జాబితా పక్కన పెట్టుకుని చేయండి, లేకపోతే మార్చి 31న ఫోన్లు మోగుతాయి.

దారి దగ్గర. దొంగిలించిన తాళాలు టార్, వీపీఎన్ (వాడేవాళ్ల ఆచూకీ దాచే నెట్‌వర్కులు) చిరునామాల నుంచి వాడారు. ‘మా నెట్‌వర్క్ ఎండ్‌పాయింట్ నుంచి కాకపోతే నిరాకరించు’ అని బకెట్ పాలసీలో ఒక్క షరతు ఉంటే సింక్ కమాండ్ అక్కడే ఆగేది. ఈ షరతు పెట్టేటప్పుడు జాగ్రత్త. డినై అన్నది మిమ్మల్నీ ఆపుతుంది. బ్రౌజరు కన్సోల్ నుంచి బకెట్ తెరుచుకోదు, కొన్ని బ్యాకప్ పనులు ఆగుతాయి, తప్పు పడితే పాలసీ తీసేయడానికి రూట్ యూజర్ (అకౌంట్ మొత్తానికి యజమాని లాగిన్) ఒక్కటే దిక్కవుతుంది. అందుకే ఒక ఎమర్జెన్సీ రోల్‌ను మినహాయింపుగా రాసి, ముందు పనికిరాని బకెట్ మీద ప్రయత్నించాలి.

ఇక్కడ తరచూ వినబడే పొరపాటు ఒకటి ఉంది. ‘మా బకెట్లు పబ్లిక్ కావు, కాబట్టి మాకీ ప్రమాదం లేదు’ అంటారు. క్యాపిటల్ వన్ చోరీ పబ్లిక్ బకెట్ వల్ల జరగలేదు. చెల్లుబాటయ్యే రోల్‌తో లోపలికొచ్చినవాణ్ని పబ్లిక్ యాక్సెస్ నిరోధం ఆపదు.

లాగుల దగ్గర. ఈ భాగం చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది. ఆ ఫైర్‌వాల్ రోల్ మామూలుగా బకెట్ల జాబితా అడగనే అడగదని బ్యాంకే దర్యాప్తు అధికారులకు చెప్పింది. మార్చిలో అది అడిగిన సంగతి లాగుల్లో పడింది. టార్ నుంచి వచ్చిన ప్రయత్నాలూ పడ్డాయి. చూసి అరిచే ఏర్పాటు లేదు. బకెట్ల జాబితా అడగడం ఏడబ్ల్యూఎస్ లాగుల సర్వీసు క్లౌడ్‌ట్రెయిల్‌లో మేనేజ్‌మెంట్ ఈవెంట్ కింద వస్తుంది, అదనపు ఖర్చు లేకుండా నమోదవుతుంది. ఫైలు చదవడం మాత్రం డేటా ఈవెంట్. అది మీరు ఆన్ చేస్తేనే నమోదవుతుంది, దానికి విడిగా డబ్బు కట్టాలి. అన్ని బకెట్లకూ ఆన్ చేసి బిల్లు చూసి మళ్లీ అన్నిటికీ ఆపేసే టీములే ఎక్కువ. సున్నితమైన డేటా ఉన్న నాలుగైదు బకెట్లకే పెట్టండి, అవి ఎప్పటికీ ఆపకండి. సర్వరు రోల్ తాళాలు ఏడబ్ల్యూఎస్ బయటి చిరునామా నుంచి వాడితే ఆ కంపెనీ నిఘా సర్వీసు గార్డ్‌డ్యూటీ పట్టిస్తుంది. ఆ హెచ్చరిక ఎవరూ తెరవని మెయిల్‌బాక్సుకు కాకుండా డ్యూటీలో ఉన్న మనిషి ఫోనుకు వెళ్లాలి.

టోకెన్ గది ఎలా కట్టాలి

గదిని వేరే క్లౌడ్ అకౌంట్లో పెట్టండి. అదే అకౌంట్లో వేరే టేబుల్ అంటే చాలదు, అడ్మిన్ ఒకడే అయిపోతాడు. యాప్ డేటాబేస్‌లో ఆధార్, పాన్, ఖాతా నంబరు ఉండాల్సిన చోట 16 బైట్ల యాదృచ్ఛిక టోకెన్ ఉంటుంది. అసలు నంబరులోంచి లెక్కకట్టి తీసిన టోకెన్ వద్దు. అసలు నంబరులాగే కనిపించే టోకెన్ కూడా వద్దు. 12 అంకెల టోకెన్‌ను ఎవరో నిజం ఆధార్ అనుకుని ఎక్కడో పంపుతారు, లేదా నిజం ఆధార్‌ను టోకెన్ అనుకుని లాగులో రాస్తారు. ముందు రెండక్షరాల గుర్తు తగిలిస్తే ఈ గందరగోళం ఉండదు.

గదిలో అసలు విలువను ఏఈఎస్-256 జీసీఎం అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతితో తాళం వేస్తారు. నాన్స్ (ప్రతిసారీ మారాల్సిన సంఖ్య) 12 బైట్లు, ట్యాగ్ (డేటాను ఎవరూ మార్చలేదని చూపే ముద్ర) 16 బైట్లు. ఒకే కీతో ఒకే నాన్స్ రెండుసార్లు వాడితే జీసీఎం రక్షణ కూలిపోతుంది. యాదృచ్ఛిక నాన్స్ వాడుతుంటే ఒక్కో కీకి 2 ఘాతం 32 సందేశాలను మించకూడదు. అదనపు డేటా గడిలో యూజర్ ఐడీ, ఫీల్డు పేరు కలపండి. లేకపోతే డేటాబేస్‌లో రాయగలిగినవాడు ఒకరి వరుసలోని గిలకరాతను ఇంకొకరి వరుసలో పెట్టి, మీ చేతే తాళం తీయించుకుంటాడు. కేఎంఎస్ నేరుగా తాళం వేయగలిగేది 4 కేబీ వరకే. అందుకే కేఎంఎస్ నుంచి డేటా కీ తెచ్చుకుని దానితో వేసి, ఆ డేటా కీని తాళం వేసిన రూపంలో పక్కన దాచడం పద్ధతి. ప్రతి వరుసకూ కేఎంఎస్‌ను పిలిస్తే రాత్రి జాబ్ మధ్యలో పరిమితి దాటి ఆగుతుంది. డేటా కీని మెమరీలో కొన్ని నిమిషాలు ఉంచుకోవడం సరిపోతుంది.

వెతకడం ఎలా? ఈ పాన్‌తో ఇప్పటికే ఖాతా ఉందా అని చూడాలి కదా. ఇక్కడ చాలామంది ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ (నంబరునుంచి లెక్కకట్టే వేలిముద్ర లాంటిది) పెట్టి ‘తిరగదిప్పలేరు’ అని ధీమాగా ఉంటారు. ఆధార్‌లో మొదటి అంకె 2 నుంచి 9 వరకు, చివరి అంకె చెక్‌సమ్ (మిగతా అంకెలనుంచి లెక్కకట్టేది). అంటే సాధ్యమైన నంబర్లు 8,000 కోట్లు. ఒక మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు వందల కోట్ల హాష్‌లు లెక్కిస్తుంది. మొత్తం జాబితా నిమిషంలో తేలిపోతుంది. మన మొబైల్ నంబర్లయితే 400 కోట్లే. రహస్య కీతో చేసే హెచ్‌మ్యాక్ వాడండి, ఆ కీ గది దాటి బయటికి రాకూడదు.

టోకెన్ ఇచ్చి అసలు విలువ తీసుకునే ఏపీఐ గది తలుపు. దానికి మూడు నియమాలు: ఒకసారికి ఒక విలువే ఇవ్వాలి, అడిగినవాడి పేరు, కారణం నమోదవ్వాలి, రోజువారీ పరిమితి ఉండాలి. కస్టమర్ కేర్‌లో 40 మంది రోజుకు తలా 30 సార్లు చూస్తే 1,200 అవుతుంది. పరిమితి 2,000 పెట్టండి. క్యాపిటల్ వన్‌లో పోయినన్ని 10 కోట్ల 60 లక్షల రికార్డులు ఈ తలుపు గుండా తీయాలంటే 53,000 రోజులు, అంటే 145 ఏళ్లు పడుతుంది. కేర్‌లో కూర్చున్నవాళ్లకు చాలాసార్లు చివరి నాలుగంకెలే చాలు, వాటిని విడిగా దాస్తే తలుపు కొట్టే పనే తగ్గుతుంది.

ఇంత కట్టినా నీళ్లు కారేది వేరే చోట్ల. ఎర్రర్ ట్రాకింగ్ టూలుకు వెళ్లే రిక్వెస్టు బాడీ, సెర్చ్ ఇండెక్సు, ఫెయిలైన మెసేజీల క్యూ, టెస్టింగ్ కోసం దింపుకున్న ప్రొడక్షన్ కాపీ, మార్కెటింగ్ వాళ్లకు పంపిన ఎక్సెల్. నకిలీ ఆధార్ నంబర్లు పది పెట్టి ఒక దరఖాస్తు మొదటినుంచి చివరిదాకా నడిపి, తర్వాత ఆ పది నంబర్ల కోసం కంపెనీలోని ప్రతి స్టోరునూ వెతకండి. గదిలో తప్ప ఎక్కడ దొరికినా అది కన్నమే.

పాత డేటా సంగతి వేరుగా చెప్పాలి. క్యాపిటల్ వన్‌లో పోయినవాటిలో 14 ఏళ్ల నాటి దరఖాస్తులున్నాయి. చెరిపేద్దామనుకునేవాళ్లు కూడా ఎస్3 వెర్షనింగ్ దగ్గర బోల్తాపడతారు. వెర్షనింగ్ ఉన్న బకెట్లో డిలీట్ చేస్తే ‘చెరిపేశాం’ అన్న గుర్తు పడుతుంది తప్ప పాత వెర్షన్ అలాగే ఉంటుంది. లైఫ్‌సైకిల్ నియమంలో పాత వెర్షన్ల గడువు విడిగా రాయాలి. బ్యాకప్పుల్లోంచి ఒక్క యూజర్‌ను ఏరడం కుదరదు కాబట్టి యూజర్‌కొక డేటా కీ ఇచ్చి, చెరిపేయాల్సినప్పుడు ఆ కీని చెరిపేయడం మంచి ఉపాయం. కీల టేబుల్ బ్యాకప్ మాత్రం 35 రోజులు దాటి ఉంచకూడదు, ఉంచితే చెరిపిన కీ తిరిగొస్తుంది. కేఎంఎస్ కీని తొలగించడానికి 7 నుంచి 30 రోజుల నిరీక్షణ ఉంటుంది. 30 పెట్టుకోండి, తప్పు కీ అని తెలిసేది చివరి వారంలోనే.

బాధ్యత ఎవరిది

2020 ఆగస్టులో అమెరికా బ్యాంకింగ్ నియంత్రణ సంస్థ క్యాపిటల్ వన్‌కు 8 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. పబ్లిక్ క్లౌడ్‌కు మారే ముందు ప్రమాదాలను సరిగా అంచనా వేయలేదని, లోపాలను సకాలంలో దిద్దుకోలేదని కారణం చూపింది. కస్టమర్ల దావాను బ్యాంకు 19 కోట్ల డాలర్లకు పరిష్కరించుకుంది.

మన చట్టం కూడా అదే దారిలో ఉంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ప్రకారం, డేటాను మీ తరఫున ఇంకొకరు నడుపుతున్నా బాధ్యత మీదే. క్లౌడ్ కంపెనీతో చెల్లుబాటయ్యే ఒప్పందం ఉండాలి. తగిన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా. 2025 నవంబరులో వచ్చిన నియమాలు ఎన్‌క్రిప్షన్, మాస్కింగ్‌లతో పాటు వర్చువల్ టోకెన్లను కూడా పేరుపెట్టి చెప్పాయి. టోకెన్ ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. ఆధార్ నంబర్లు దాచే సంస్థలు వాటిని విడి వాల్ట్‌లో పెట్టి, మిగతా అన్నిచోట్లా రిఫరెన్సు కీ వాడాలని ఆధార్ జారీచేసే ఉడాయ్ 2017లోనే ఆదేశించింది. 2022 అక్టోబరు 1 నుంచి దుకాణాలు కార్డు నంబర్లు దాచుకోకుండా రిజర్వు బ్యాంకు టోకెన్లకు మార్పించింది. హైదరాబాద్ రీజియన్‌ను ఏడబ్ల్యూఎస్ 2022లో తెరిచాక ‘డేటా మన ఊళ్లోనే ఉంది’ అని సంతృప్తిపడేవాళ్లు కనిపిస్తున్నారు. ఏ ఊళ్లో ఉందన్నది చట్టపరమైన ప్రశ్నకు జవాబు. రోల్ తాళాలు దొరికినవాడికి వర్జీనియా అయినా హైదరాబాద్ అయినా ఒకటే.

ఇదంతా అమరిందో లేదో పరీక్షించడానికి ఒక పూట చాలు. టెస్ట్ అకౌంట్లో, ప్రొడక్షన్ పాలసీలే పెట్టిన సర్వరు మీద, నకిలీ డేటాతో చేయండి. పై అధికారి నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. సర్వరు రోల్ తాత్కాలిక తాళాలు తీసి, ఆఫీసు నెట్‌వర్క్ బయట మొబైల్ హాట్‌స్పాట్ మీదున్న ల్యాప్‌టాప్‌లో పెట్టి ఆ మూడు కమాండ్లలో చివరి రెండూ కొట్టండి. బకెట్ల జాబితా వచ్చిందా, సింక్ ఎన్ని ఫైళ్లు తెచ్చింది, వచ్చిన ఫైలు తెరిస్తే ఆధార్ గడిలో ఏముంది, డ్యూటీలో ఉన్న మనిషి ఫోను ఎన్నో నిమిషంలో మోగింది, ఈ నాలుగూ రాసుకోండి. నిజం చోరీ అయితే సెర్ట్-ఇన్‌కు (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) తెలపడానికి, మీరు గుర్తించిన క్షణం నుంచి 6 గంటలే ఉంటాయి.